కాలిన చెట్ల అమ్మకం

హేకర్ ఫోర్క్ బడిలో వంట చేసే విల్డా ప్రూయెట్‌కి చెయ్యి చురుకని ఆ లోయలో తెలియనివాళ్ళు లేరు. ఒకసారి బీరు దుకాణంలో ఎవరో దుంగల లారీ డ్రైవరు, బడిలో పిల్లలకు పెట్టేది పందుల కుడితి అన్నాడు. విల్డా తాగుతున్న గ్లాసు కింద పెట్టింది, మూతి తుడుచుకుంది, లేచి వెళ్ళి వాడి ముక్కు పగలగొట్టింది, తిరిగొచ్చి మిగిలిన బీరు తాగింది. మర్నాడు వాడి కూతురు పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడితే ఆ పిల్లకు దాల్చినచెక్క రొట్టె ఒకటి ఎక్కువ వేసింది. రెండు పనులూ ఆమెకు న్యాయంగానే తోచాయి.

ఆమెను తప్పుపట్టేవాళ్ళు హేకర్ ఫోర్క్‌లో నాలుగు చలికాలాలు గడిపి అప్పుడు మాట్లాడాలి. అక్కడ అడవి మనుషుల్ని కొడుతుంది, మనుషులు అడవిని కొడతారు, ఇంకా ఓపిక మిగిలితే ఒకళ్ళనొకళ్ళు కొట్టుకుంటారు. పది వేళ్ళూ ఉన్న మగవాణ్ణి చూస్తే ఊరికి కొత్త అనుకుంటారు. విల్డా తండ్రి ఏమస్ చెట్లు నరికేవాడు. పైనున్న మనిషి చెట్టు పడగొట్టేముందు కొండ కిందకి కేకెయ్యాలి, కిందనున్నవాడు బదులు కేకేసేదాకా రంపం కదపకూడదు. అది అక్కడి చట్టం. ఒకరోజు వర్జిల్ టేబర్ అనేవాడు చలికి తొందరపడి కేకెయ్యకుండా కోశాడు. ఏమస్‌ని చెట్టు కింద నుంచి తీయడానికి ఆ చెట్టును మళ్ళీ మూడు ముక్కలు చెయ్యాల్సివచ్చింది.

మర్నాడు పొద్దున్నే వర్జిల్ తనంతట తానే ప్రూయెట్ల ముంగిట్లోకి వచ్చాడు. టోపీ తీసి, చేతులు కిందకి వదిలేసి నిలబడ్డాడు. విల్డా తల్లి పొయ్యి దగ్గర నుంచి ఒక కట్టె తీసుకుని బయటికొచ్చింది. ముక్కు మీద కొట్టింది, దవడ మీద కొట్టింది, పడిపోయాక కుడిచేతి మీద కొట్టింది. ఇరుగుపొరుగు కంచె దగ్గర నిలబడి చూశారు గాని ఎవరూ అడ్డం రాలేదు. అలసిపోయాక కట్టె అవతల పారేసి, "లోపలికి రా వర్జిల్, కాఫీ తాగు" అంది. వర్జిల్ ఆసుపత్రిలో చెట్టు కొమ్మ తగిలిందని చెప్పాడు. ఆ మాట ఆ లోయలో ప్రతి దెబ్బకీ చెబుతారు, డాక్టర్లు కూడా నమ్మినట్టే రాసుకుంటారు. తర్వాత అతను బతికున్నంత కాలం ప్రూయెట్ల ఇంటికి పొయ్యికట్టెలు కొట్టిచ్చాడు. తప్పు చేసినవాడు చెయ్యెత్తడు. కొట్టినవాళ్ళు ఇక ఆ మాట ఎత్తరు. షెరిఫ్‌కి ఇందులో పని లేదు. తమ్ముడు ఎల్డన్‌ని చంకనేసుకుని గుమ్మంలో నిలబడి చూసిన విల్డాకి ఆ పొద్దున ఒక్క సంగతి అర్థమైంది. దెబ్బతో దేన్నైనా తీర్చేయొచ్చని.

పెరిగి పెద్దదయ్యాక పెళ్ళి చేసుకుంది. కట్టుకున్నవాడు ఒక దెబ్బ కొట్టి, రెండు తిని, అలాస్కా పోయాడు. పిల్లల్లేరు. బడి వంటగదిలో చేరినప్పటినుంచి ఆ బడే ఆమెకు సంసారం. ఏ పిల్లకు బీన్సు పడవో, ఏ పిల్లవాడు ఇంట్లో రాత్రి ఏమీ తినకుండా వచ్చాడో ఆమెకు ముఖం చూస్తే తెలుస్తుంది. ఇప్పుడు పిల్లల్ని కన్న చాలామంది తల్లులకు ఒకప్పుడు అన్నం పెట్టింది ఆమే. బడి లేకపోతే విల్డాకి ఏమీ లేదు. ఆ మాట ఆమే అనేది, సిగ్గుపడకుండా.

ఆ బడికొచ్చిన చిక్కు ఇది. ఆ జిల్లాలో నేలంతా దాదాపు కేంద్ర ప్రభుత్వానిదే. కొండలూ అడవులూ అన్నీ. ప్రభుత్వం తన నేలకు తాను పన్ను కట్టదు, పన్ను లేకపోతే బడికి డబ్బులేదు. అందుకని పాతకాలంలోనే ఒక ఒప్పందం పెట్టారు. ప్రభుత్వ అడవిలో చెట్లు అమ్మినప్పుడల్లా వచ్చినదాంట్లో పావలా వంతు ఆ జిల్లా బడులకూ రోడ్లకూ ఇవ్వాలని. కొండమీద చెట్టు పడితే కింద టీచరుకి జీతం వస్తుంది. పిల్లలకు కూడా ఆ సంగతి తెలుసు. పెద్ద చెట్టు మోసుకుని లారీ బడి ముందునుంచి పోతుంటే కిటికీల్లోంచి చేతులూపేవాళ్ళు.

తర్వాత ఎక్కడో పట్నంలో కోర్టు, ఆ అడవుల్లో ఒక జాతి గుడ్లగూబ అంతరించిపోతోంది, అమ్మకాలు ఆపండి అంది. ఆపేశారు. వాషింగ్టన్ నుంచి బదులుగా పంపుతామన్న సొమ్ము ఏడాదికేడాది చిక్కిపోయింది. రంపాలు కొట్టాల్లో తుప్పు పట్టాయి. మగాళ్ళు పొద్దున్నే తాగడం మొదలుపెట్టారు, ఆడవాళ్ళ మొహాల మీద కమిలిన గుర్తులు ఎక్కువయ్యాయి. ఆఖరికి జిల్లా బడుల అధికారి ఒకాయన వచ్చి, వచ్చే జూన్‌లో హేకర్ ఫోర్క్ బడి మూసేస్తామని, పిల్లల్ని లోయరోడ్డు మీదుగా బ్రాన్సన్‌కి బస్సులో పంపుతామని చెప్పడానికి బడి ఆటల హాల్లో మీటింగు పెట్టాడు.

ఆ మీటింగు పావుగంట కూడా సాగలేదు. మంచుకాలంలో ఆ రోడ్డు మీద బస్సు ఏట్లో పడితే ఎవరు బాధ్యులని ఒకామె అడిగింది. అధికారి గొంతు సవరించుకుంటుండగానే విల్డా తమ్ముడు ఎల్డన్ లేచి, మూల కూర్చున్న అటవీశాఖ కుర్రాడు లండీన్‌ని కాలర్ పట్టుకుని లేపాడు. లండీన్ చేసిన పాపమల్లా ప్రభుత్వ యూనిఫారం వేసుకుని రావడమే. ఎల్డన్ ఒక గుద్దు గుద్దాడు. లండీన్ తిరిగి కొట్టాడు. ఆ తర్వాత ఎవరు ఎవర్ని కొట్టారో చెప్పడం కష్టం. మడతకుర్చీలు గాల్లో లేచాయి, ఒకడి చెవి సగం తెగింది, అధికారి వెనక తలుపులోంచి కారు దగ్గరికి పరిగెత్తాడు. విల్డా గరిటె తీసుకుని దారి చేసుకుంటూ వెళ్ళి లండీన్‌ని చొక్కా పట్టి వంటగదిలోకి లాక్కొచ్చింది.

వంటగదిలో రెట్టా స్టేగల్ ఉంది. విల్డాకి వంటలో తోడు, వయసులో చిన్నది, ఇద్దరు పిల్లల తల్లి. ఆ ఊళ్ళో విల్డాని ఎదిరించి మాట్లాడి బతికి బట్టకట్టింది ఆమె ఒక్కతే. రెట్టా ఒక మంచుగడ్డ గుడ్డలో చుట్టి లండీన్ కంటిమీద పెట్టింది.

"ఏవయ్యా, కోర్టువాళ్ళు ఒక్క చెట్టు కూడా అమ్మొద్దన్నారా?" అని అడిగింది విల్డా.

"బతికున్న చెట్టును ముట్టుకోవద్దన్నారండీ. చచ్చినవి అమ్మొచ్చు. పడిపోయినవి, కాలిపోయినవి."

"కాలిపోయినవా?"

"పిడుగుపడి కాలినవి. మనిషి కావాలని అంటిస్తే మాత్రం అమ్మకం ఉండదు. ఉంటే ఈ ఊళ్ళో ప్రతివాడూ జేబులో అగ్గిపెట్టె పెట్టుకు తిరుగుతాడు."

విల్డా కిటికీలోంచి బడి వెనక నిలబడ్డ సాడిల్ కొండ కేసి చూసింది. "ఆ కొండమీద ఒక్క పిడుగు పడితే బావుణ్ణు. బడి బతికిపోను."

"నీ నోట్లో పంచదార పొయ్య," అని నవ్వింది రెట్టా.

గుమ్మం దగ్గర ఎల్డన్ పెదవి మీది రక్తం చేత్తో తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు. అతను నవ్వలేదు. విల్డా అతన్ని చూసింది గాని, నవ్వకపోవడం అప్పుడు పట్టించుకోలేదు.

ఆ లోయవాళ్ళకు నిప్పంటే భయం లేదు. నరికిన చోట మిగిలిన కొమ్మారెమ్మల్ని ఏటా శరత్కాలంలో వాళ్ళే తగలబెట్టేవాళ్ళు. నిప్పు కొండ ఎక్కేటప్పుడు పరిగెత్తుతుంది, దిగేటప్పుడు పాకుతుంది. అందుకని పైనుంచి అంటిస్తారు. అది పచ్చిక మేసుకుంటూ మెల్లగా కిందకి వస్తుంది, చెట్లకు బెరడు మాడుతుంది గాని లోపల కలప చెక్కుచెదరదు, నాలుగు రోజుల్లో వాన పడి ఆరిపోతుంది. ఎల్డన్ చిన్నప్పటినుంచి చేసిన పని అది. నిప్పుచుక్కలు రాల్చే డబ్బా పట్టుకుని కొండ నెత్తి పొడుగునా ఎన్నిసార్లు నడిచాడో లెక్కలేదు. సెప్టెంబరు ఆఖర్లో ఒక మధ్యాహ్నం, దూరంగా వాన లేని ఉరుములు వినిపించిన రోజు చూసుకుని, అతను సాడిల్ కొండ నెత్తిమీద అదే డబ్బాతో అదే నడక నడిచాడు.

కాని పనిలో ఉన్న రోజుల్లో ఆకాశం చూసి, గాలి చూసి, ఇవాళ అంటించొచ్చు, ఇవాళ కూడదు అని చెప్పేవాడు వేరే ఉండేవాడు. అమ్మకాలు ఆగాక ఆ ముసలి మేస్త్రీ కూడా ఊరు విడిచి పోయాడు. చెప్పేవాడు లేడు. సాయంత్రం కొండల అవతలి ఎండుభూముల నుంచి తూర్పుగాలి దిగింది. ఆ గాలి వీచేటప్పుడు నిప్పు పాకదు, దూకుతుంది. చీకటిపడేలోపు కొండ మొత్తం గర్జిస్తూ ఊరి మీదకి వస్తోంది.

మర్నాడంతా ఊళ్ళో మగవాళ్ళందరూ కొండ కిందే ఉన్నారు. బడి వెనక నేల గీకి నిప్పుకి అడ్డంగా మట్టిగీత గీస్తున్నారు. రెట్టా మొగుడు థర్మన్ స్టేగల్ బుల్డోజర్ నడుపుతున్నాడు. థర్మన్ నిదానస్తుడు, మాటకి మాట చెప్పడానికి కూడా ఒక గుక్క కాఫీ తాగేవాడు. విల్డా, రెట్టా బడి వంటగదిలో అందరికీ వండుతున్నారు. పొగకి కళ్ళు మండిపోతుంటే తడిగుడ్డలు మొహానికి కట్టుకుని బీన్సు కలిపారు, రొట్టెలు కాల్చారు. బయట చెట్లు పేలుతున్నాయి. ఒక్కొక్కటి తుపాకి మోతలా పేలి, మంటతోనే నేలకూలుతోంది.

మధ్యాహ్నం దాటాక గాలి తిరిగింది. బడికి పైన ఉన్నవాళ్ళందర్నీ కిందకి వచ్చేయమన్నారు. అందరూ వచ్చారు. థర్మన్ రాలేదు. బడి వెనక గీత ఇంకా సన్నంగా ఉంది, ఇంకొక్కసారి గీకి వస్తానని వెనక్కి తిప్పాడట. మంటలో ఉన్న మోడు ఒకటి విరిగి బుల్డోజర్ మీద అడ్డంగా పడింది. థర్మన్ కాళ్ళు దానికింద ఇరుక్కున్నాయి. ఎల్డన్ రంపం పట్టుకుని పైకి పరిగెత్తాడు. చేతులకున్న తోలు తొడుగులు కాలేదాకా కోశాడు, తర్వాత అరచేతులు కాలేదాకా కోశాడు. థర్మన్ ముందు త్వరగా త్వరగా అన్నాడు, తర్వాత పొమ్మన్నాడు, తర్వాత మాటలు కాకుండా వట్టి అరుపు అరిచాడు. ఎల్డన్ రంపం వదిలేసి కిందకి పరిగెత్తాడు.

సాయంత్రానికి నిప్పు ఆ గీత దగ్గరే ఆగింది. బడి గోడ ఒకటి నల్లబడింది, అంతే. థర్మన్‌ని తెచ్చి ఆటల హాల్లో గుడ్డ కప్పి పడుకోబెట్టారు. రెట్టాని లోపలికి రానివ్వలేదు. చూడొద్దమ్మా, చూడలేవమ్మా అని ముగ్గురు మగవాళ్ళు అడ్డం నిలబడ్డారు. ఆమె ఒకడి మోకాలి చిప్ప మీద తన్నింది, ఒకడి చెయ్యి రక్తం వచ్చేలా కొరికింది, మూడోవాడు తనంతట తానే తప్పుకున్నాడు. లోపలికి వెళ్ళి గుడ్డ తీసి చూసింది. విల్డా వెనకాలే వెళ్ళి పట్టుకుంది గాని ఆమె పడిపోలేదు. గుడ్డ మళ్ళీ కప్పి, "వీడు పొద్దున కాఫీ కూడా తాగి వెళ్ళలేదే విల్డా," అంది.

వానలు వచ్చి నిప్పు ఆరింది. పిడుగే అయ్యుంటుందని విచారణకొచ్చిన అటవీశాఖవాళ్ళు రాసుకున్నారు. ఊళ్ళో ఎవరెవరికి ఏమేం అనుమానాలున్నా నోరు మెదపలేదు. చలికాలం మధ్యలో కబురొచ్చింది. సాడిల్ కొండమీద కాలిన చెట్లన్నీ అమ్మకానికి పెడుతున్నారు, పావలా వంతు బడికి వస్తుంది, బడి మూయడం లేదు. ఆ రోజు హేకర్ ఫోర్క్‌లో తుపాకులు పైకి పేల్చారు, బీరు దుకాణంలో బల్లల మీద ఎక్కి గెంతారు. విల్డా వంటగదిలో ఏడ్చింది. రెట్టా మాత్రం గిన్నెలు తోముతూనే ఉంది.

ఒక ఆదివారం పొద్దున ఎల్డన్ అక్క ఇంటికి వచ్చాడు. చేతులకు కట్లు ఇంకా విప్పలేదు. వంటింట్లో కుర్చీలో కూర్చుని చెప్పేశాడు. డబ్బా, కొండ నెత్తి, గాలి, అన్నీ.

విల్డా చేతిలో అప్పడాల కర్ర ఉంది. ఆలోచించలేదు. మొదటి దెబ్బ భుజం మీద, రెండోది మొహం మీద. కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. పడ్డాక కూడా కొట్టింది. ముక్కులోంచి రక్తం నేలమీద పిండిలో కలిసింది. ఎల్డన్ చేతులు అడ్డం పెట్టలేదు.

"ఆయన్ని కాల్చి చంపావురా. బతికుండగా కాల్చావు."

"తెలుసక్కా."

"ఎందుకు చేశావురా ఈ పని?"

"నువ్వే అన్నావుగా అక్కా. కొండ అంటుకుంటే బడి బతికిపోతుందని."

అప్పడాల కర్ర ఆగిపోయింది. విల్డా ఎదురుగా నేలమీద కూలబడింది. పిడుగు అన్నానురా, నిన్ను కాదు అందామనుకుంది. కాని బడి వంటగది గుమ్మంలో వీడు నిలబడి వింటున్నాడని ఆ రోజు చూసింది గదా.

తర్వాత ఆమె మనసు చకచకా పనిచేసింది. అదే ఆమె చేసిన తప్పు. ఈ సంగతి బయటపడితే అమ్మకం ఆగిపోతుంది, లండీన్ చెప్పాడు. అమ్మకం ఆగితే బడి పోతుంది. బయటపడకపోతే రెట్టాకి అన్యాయం. రెండిటికీ మధ్య ఆమెకు ఒక్కటే దారి కనిపించింది, తన తల్లి ముంగిట్లో చూసిన దారి. రెట్టా వీణ్ణి కొడుతుంది. కాలో చెయ్యో విరగ్గొడుతుంది, చంపినా చంపొచ్చు. కాని తీరిపోతుంది. షెరిఫ్‌కి ఇందులో పని ఉండదు. బడి ఉంటుంది.

"లే," అంది తమ్ముడితో. "మొహం కడుక్కోకు. అలాగే రా."

రెట్టా పిల్లలు అమ్మమ్మ ఇంట్లో ఉన్నారు. రెట్టా ముంగిట్లో బట్టలారేస్తోంది. ఎల్డన్ ట్రక్కు దిగి, టోపీ తీసి, కట్లు కట్టిన చేతులు కిందకి వదిలేసి నిలబడ్డాడు. ఆ నిలబడ్డం చూడగానే రెట్టాకి సగం అర్థమైపోయింది. ఆ లోయలో పుట్టిన ఎవరికైనా అర్థమవుతుంది. మిగతా సగం అతను చెప్పాడు. విల్డా ట్రక్కులోంచి గొడ్డలి కామ తీసి రెట్టా చేతికి ఇచ్చింది.

రెట్టా దాన్ని తీసుకుంది. బరువు చూసింది. గట్టిగా పట్టుకుంది. ఎల్డన్ కళ్ళు మూసుకున్నాడు.

"అరిచాడా?" అని అడిగింది రెట్టా.

"అరిచాడు," అన్నాడు ఎల్డన్.

"నన్ను పిలిచాడా?"

"లేదు. వట్టి అరుపే."

రెట్టా గొడ్డలి కామ గడ్డిలో పడేసింది. "నేను కొట్టను," అంది.

"కొట్టవే," అంది విల్డా. "కొట్టు. నేను చూస్తూ నిలబడతా. అడ్డం రాను."

"కొడితే తీరిపోతుంది. నాకు తీరకూడదు." రెట్టా చేతులు గౌనుకి తుడుచుకుని ఇంట్లోకి నడిచింది. గోడకున్న ఫోను తీసింది.

విల్డా వెనకాలే పరిగెత్తింది. "ఎవరికే ఫోను?"

"షెరిఫ్‌కి."

"అమ్మకం ఆపేస్తారే. బడి పోతుంది."

"పోనీ."

"నీ పిల్లలు చదివే బడే అది. వాళ్ళు ఆ మంచురోడ్డు మీద బస్సెక్కి పోవాలి."

"నా పిల్లలు బస్సెక్కి సాయంత్రం ఇంటికొస్తారు. వాళ్ళ నాన్న ఏం ఎక్కి వస్తాడే?"

విల్డా ఫోను తీగ పట్టుకుని గోడలోంచి పీకేసింది. రెట్టా ఆమెను తోసుకుని తలుపు వైపు వెళ్ళబోయింది. పక్కింట్లో ఫోనుంది. విల్డా చెయ్యి లేచింది. ఆ చెయ్యి ఎన్నోసార్లు లేచింది, ఎప్పుడూ ఎవరో ఒకరు దానికి తగినవాళ్ళే ఎదురుగా ఉన్నారు. ఈసారి పిడికిలి రెట్టా నోటిమీద పడింది. రెట్టా బల్లకి కొట్టుకుని నిలదొక్కుకుని మళ్ళీ తలుపు వైపే నడిచింది. విల్డా మళ్ళీ కొట్టింది. కన్ను మీద. జుట్టు పట్టి వెనక్కి లాగి ఇంకోటి. కప్పులు పగిలాయి. రెట్టా నోట్లోంచి పన్ను ఒకటి ఊడి నేలమీద పడింది. "బడే, మన బడే" అంటూనే విల్డా కొడుతోంది. ఆ మాట తన నోట్లోంచి వస్తున్నట్టు ఆమెకు తెలియదు.

రెట్టా చెయ్యెత్తలేదు. చేతులు కిందకి వదిలేసి నిలబడింది. తప్పు చేసినవాళ్ళు నిలబడేటట్టు.

విల్డా అది చూసింది. చూశాక ఆమె చెయ్యి గాల్లో నుంచి దిగడానికి కొంచెంసేపు పట్టింది. ఆమెకు ఒళ్ళంతా అసహ్యం పుట్టింది. తన చేతి మీద, తన మీద, తల్లి ముంగిట్లో నేర్చుకున్న ఆ పాఠం మీద.

"అయిందా?" అంది రెట్టా, రక్తం ఉమ్మేసి. "ఇంకా ఉందా?"

విల్డా వంటింటి గుడ్డ తడిపి ఆమె చేతికిచ్చింది. రెట్టా నోటికి అదుముకుంది. విల్డా బయటికొచ్చి తమ్ముణ్ణి ట్రక్కు వెనక ఎక్కమంది. రెట్టాకి ముందు తలుపు తీసింది. లోయరోడ్డు మీద బ్రాన్సన్‌లో షెరిఫ్ ఆఫీసుకి బయల్దేరింది. మలుపుల దగ్గర కింద ఏరు నల్లగా కనిపించింది. పిల్లల బస్సు తిరగాల్సిన మలుపులే అవి. విల్డా ఒక్కొక్కటీ చూస్తూ నడిపింది.

ఆ తర్వాత జరిగింది లోయలో అందరికీ తెలుసు. అమ్మకం ఆపేశారు. జూన్‌లో బడికి తాళం పడింది. ఎల్డన్‌ని జైల్లో పెట్టారు. విల్డా కూడా కొన్నాళ్ళు లోపలే ఉండి వచ్చింది. వచ్చాక ఊళ్ళోవాళ్ళు ఆమె ట్రక్కు టైర్లు కోశారు, కుక్కని కాల్చారు, కొట్లో నిలబడితే పక్కకి జరిగారు. తమ్ముణ్ణి పట్టిచ్చినందుకు కాదు, బడిని పోగొట్టినందుకు. ఆమె ఎవరిమీదా చెయ్యెత్తలేదు. అది చూసి ముసలితనం వచ్చిందనుకున్నారు.

కాని ఆ ఆదివారం షెరిఫ్ ఆఫీసు గదిలో ఏం జరిగిందో తెలిసినవాళ్ళు తక్కువ. బల్ల దగ్గర డ్యూటీలో ఉన్న డెప్యూటీ శాండ్‌విచ్ తింటున్నాడు. ముగ్గుర్నీ చూసి అది కింద పెట్టాడు. ఒకడికి ముక్కు వాచిపోయి చేతులకు కట్లు, ఒకామెకి కన్ను మూసుకుపోయి నోరంతా రక్తం, ఇంకొకామె పిడికిలి మీద చర్మం లేచిపోయి ఉంది.

"ఈమెను ఎవరు కొట్టారు?"

"చెట్టు కొమ్మ" అనే మాట అలవాటుగా ఎల్డన్ నోటిదాకా వచ్చింది. ఈలోపు విల్డా అంది, "నేను."

"ఎందుకు?"

"బడి కోసం."

డెప్యూటీ ఆమెను ఎగాదిగా చూశాడు. ఎల్డన్ వైపు తిరిగాడు. "నీ సంగతేంటి?"

"సాడిల్ కొండ నేనే అంటించా."

"ఎందుకు?"

ఎల్డన్ అక్క కేసి చూశాడు. ఆమె ఆ చూపు తప్పించుకోలేదు. "బడి కోసం," అన్నాడు.

డెప్యూటీ కలం బల్లమీద పడేసి కుర్చీలో వెనక్కి వాలాడు. తనని ఆటపట్టిస్తున్నారనుకున్నాడు. ఆదివారం పూట ఈ కొండవాళ్ళకు తాగి వచ్చి వెక్కిరించడం ఒక సరదా. విసుగ్గా రెట్టా వైపు తిరిగాడు.

"నువ్వు కూడా బడి కోసమే వచ్చావామ్మా?"

రెట్టా నోటిమీది గుడ్డ తీసింది. పెదవి చీలిపోయి మాట సరిగా పలకడం లేదు. అందుకని నెమ్మదిగా, ఒక్కొక్క అక్షరం అతనికి వినపడేలా చెప్పింది.

"కాదు," అంది. "నేను థర్మన్ కోసం వచ్చాను."